చెరువు కింద వెంచర్ అంటున్నారు, గ్రామసభలో నేనేం మాట్లాడాలి?

ప్రశ్న: మాది చంద్రగిరి మండలంలో చిన్న ఊరు. తిరుపతికి బస్సులో అరగంట ప్రయాణం. మా చెరువు కింద ముప్పై ఎకరాల పైన మడి ఒక కంపెనీవాళ్లు వెంచర్ కోసం అడుగుతా ఉండారు. కొందరు అప్పుడే అడ్వాన్సు తీసుకున్నారు. మాది ఎకరా నలభై సెంట్లు, సరిగ్గా మధ్యలో ఉండాది. ఊరు రెండుగా చీలిపోయింది. వయసైనవాళ్లు వద్దంటారు. చదువుకున్న పిల్లోళ్లు 'ఇంకెన్నాళ్లు ఈ మట్టి పిసుక్కునేది, ఇళ్లొస్తే ఊరు బాగుపడతాది' అంటారు. మా పొలం గుత్తకు చేసే ఆయన మాత్రం ఏమీ అనడు, తలొంచుకొని పోతాడు. నేను పొదుపు సంఘం లీడర్ని. వచ్చే గ్రామసభలో ఈ సంగతి లేస్తాదంట, ఆడవాళ్ల తరఫున నన్ను మాట్లాడమంటున్నారు. మా ఆయన అమ్మేద్దామంటాడు. నాకు మనసు ఒప్పలేదు, కానీ బెంగళూరులో చదివే కొడుకు ఫీజు గుర్తొస్తే నోరు పెగలదు. నేను వద్దంటే అమ్ముకునేవాళ్ల నోటికాడి కూడు తీసినట్టు కాదా? సరేనంటే ఊరికి ద్రోహం చేసినట్టు కాదా? మా ఆయన మాట ఒకటి, నా మాట ఒకటి అయితే సభలో ఎట్లా లేచి నిలబడేది?

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఎకరా నలభై సెంట్లు అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి ప్రశ్న. చెరువు కింద మడిలో ఇళ్లు రావచ్చా, వస్తే ఎట్లా రావాలి అన్నది ఊరి ప్రశ్న. గ్రామసభలో మీరు మాట్లాడవలసింది రెండోదాని గురించి. అయితే మొదటిదాన్ని దాచిపెట్టి మాట్లాడకండి. లేచిన వెంటనే 'ఆ భూమిలో మాకూ ఎకరా నలభై ఉంది, ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు' అని చెప్పేయండి. అది చెప్పకుండా మీరెంత న్యాయం మాట్లాడినా, రేటు పెంచుకోవడానికి బెట్టు చేస్తోందని వెనక వరసలోంచి ఎవరో ఒకరు అంటారు. ఆ మాట పడ్డాక మిగతా సభంతా మీ చుట్టే తిరుగుతుంది, చెరువు సంగతి పక్కకు పోతుంది.

నోటికాడి కూడు అన్నారు. పట్టా భూమి అమ్ముకునే హక్కు పట్టాదారుదే. గ్రామసభ వద్దన్నంత మాత్రాన అమ్మకం ఆగదు, ఆపే అధికారం దానికి లేదు. కాబట్టి మీరు నోరు తెరిస్తే ఎవరి కూడో పోతుందన్న భయం పెట్టుకోవద్దు. అమ్మేవాళ్లను ఆశపోతులని సభలో ఎవరైనా అంటే మాత్రం మీరే అడ్డుపడండి. వాళ్లెందుకు అమ్ముతున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు. గాజులమండ్యం చక్కెర మిల్లు మూతపడింది, చిత్తూరు సహకార చక్కెర మిల్లూ మూతపడింది, వాటితో చెరకు పోయింది. మామిడి తోటలు పెట్టినవాళ్లు 2025 వేసవిలో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్న లెక్కకు కూడా జ్యూస్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు పెట్టుకొని పడిగాపులు కాశారు. వరి పెడదామంటే నాట్లకు మనుషులు దొరకరు, దొరికినా కూలి కిట్టదు. కొండవార పొలాల్లో ఏనుగులు దిగి ఒక్క రాత్రిలో తొక్కేసి పోతాయి. ఇన్నేళ్లుగా ఈ కష్టం పడిన మనిషి ముందు ఎవరో వచ్చి ఎకరాకు అంత అంటే చేయి చాచడంలో తప్పు పట్టడానికి నాకు మనసు రాదు.

పిల్లోళ్ల మాటలోనూ నిజం ఉంది. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండ అడ్డం, ఊరు ఆ వైపు పెరగలేదు. పెరిగితే రేణిగుంట వైపు, తిరుచానూరు వైపు, చంద్రగిరి వైపు రావలసిందే. 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ ఏర్పేడు దగ్గర స్థిరపడ్డాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా కేంద్రమైంది. హోటళ్లలో, ఆసుపత్రుల్లో, కొండమీద పనిచేసేవాళ్లు అద్దెలు కట్టలేక మీలాంటి ఊళ్ల వైపే చూస్తారు. ఇళ్లు కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ పిల్లోళ్లను సభలోనే ఒక మాట అడగండి: మన ఊరి వెంచర్‌లో ప్లాటు మన ఊరి పిల్లోడు కొనగలడా? తిరుపతి చుట్టూ రాళ్లు పాతి, ఆర్చి కట్టి, ముళ్లపొదలు మొలిచి పడి ఉన్న వెంచర్లు మీరు బస్సులో పోతూ రోజూ చూస్తారు. అవి ఇల్లు లేనివాళ్లు కొన్నవి కావు. ధర పెరిగితే అమ్ముకుందామని దూరాన ఉన్నవాళ్లు కొని వదిలేసినవి చాలా ఉన్నాయి. ఊళ్లోకి మనుషులు వస్తారా, రాళ్లు మాత్రమే వస్తాయా అన్నది కంపెనీవాళ్లను నేరుగా అడగవలసిన ప్రశ్న.

ఇక నా అభిప్రాయం. ఇళ్లు రావాలి, కానీ చెరువు నీళ్లు పారే మడిలో రాకూడదు. మీ పాత ఊరు ఎక్కడ ఉందో చూడండి, మిట్ట మీద ఉంటుంది. కట్ట కింద పల్లాన్ని మడికి వదిలి, ఇళ్లు మిట్టన కట్టుకున్నారు మన పెద్దలు. వాళ్లకు నీళ్ల దారి తెలుసు. కంపెనీలు ఈ పల్లాన్నే ఎందుకు అడుగుతాయంటే, ఆయకట్టు భూములకు పాత పట్టాలు ఉంటాయి, కాగితాలు సాఫీగా ఉంటాయి, నేల చదునుగా ఉంటుంది, రోడ్డు దగ్గర. మిట్ట మీద చాలా చోట్ల డీకేటీ భూములు, అంటే ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన అసైన్డ్ భూములు. 1977 చట్టం ప్రకారం వాటి అమ్మకాల మీద ఆంక్షలున్నాయి, తర్వాత వచ్చిన మార్పులతో ఇంకా చిక్కుపడ్డాయి. కాగితం సులువుగా ఉన్నచోట ఇల్లు కడుతున్నారు, నేల అనువుగా ఉన్నచోట కట్టడం లేదు. ఈ మాట సభలో చెప్పి, మిట్టన ఇళ్లకు పనికొచ్చే పట్టా భూములు ఏమున్నాయో ఊరే ఒక జాబితా రాసుకుంటే, వద్దనేవాళ్ల చేతిలో కూడా చెప్పడానికి ఒకటి ఉంటుంది.

పల్లంలో కడితే ఏమవుతుందో మీ వైపు వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊరుతుంటే, తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. స్వర్ణముఖి వంతెనలను కోసుకుంటూ పోయింది. తిరుపతిలో లోతట్టు కాలనీలు మోకాలి లోతు, నడుం లోతు నీళ్లలో రోజుల తరబడి ఉన్నాయి. ఆ వాన మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు. వస్తే మీ చెరువు నిండి మొరవ (అలుగు) పారుతుంది. మొరవ నీళ్లకు ఒక వంక ఉంది, ఆ వంక ఎటు పోతుందో, ఎక్కడ వెడల్పై ఎక్కడ సన్నబడుతుందో చెరువు నీళ్లు వదిలే మీ నీరుగంటికి తెలుసు. మడిగా ఉన్నన్నాళ్లూ వంక పొర్లినా కయ్యల్లో నిలిచి, గెనిమలు (పొలం గట్లు) దాటి, రెండు రోజులకు దిగిపోతుంది. పంట కొంత పోవచ్చు, మనుషులు పోరు. అదే నేలకు రెండు మూడడుగుల గ్రావెల్ తోలి, అడ్డంగా రోడ్లు వేసి, వంకను పైపుల్లోకి తోసేస్తే ఆ నీళ్లు ఆగుతాయా? కొత్త ఇళ్లలోకి పోతాయి, లేదంటే వెనక్కి తన్ని మీ పాత ఊళ్లోని పల్లపు వీధిలోకి వస్తాయి. ఆ పల్లపు వీధిలో ఉండేదెవరో కూడా ఒకసారి తలచుకోండి. చాలా ఊళ్లలో భూమి లేనివాళ్ల ఇళ్లే అక్కడ ఉంటాయి.

నిబంధనల ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న వంకకు 9 మీటర్లు, అంతకన్నా చిన్న కాలువకు 2 మీటర్లు వదిలి కట్టాలి. 2021 నాటి నీళ్లను చూసినవాళ్లెవరూ 2 మీటర్లు చాలని అనరు. కాబట్టి నిబంధన మేరకే వదిలాం అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. మొరవ కాలువ వెడల్పు ఎంత ఉందో అంత, దానికి రెండు వైపులా ఆ రోజు నీళ్లు ఎంత దూరం వచ్చాయో అంత, ఖాళీగా వదిలేలా ప్లానులోనే గీయాలని అడగండి.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని మీ ఉత్తరంలో మీరు ప్రస్తావించలేదు. ఆ ముప్పై ఎకరాలకు దిగువన ఇంకెంత ఆయకట్టు ఉంది? తూములోంచి వచ్చే కాలువ ఈ కయ్యలు దాటుకునే కిందికి పోవాలి కదా. పైన అమ్మేవాళ్లు డబ్బు తీసుకుంటారు. అమ్మని కిందివాళ్లకు కాలువ పోతుంది, రూపాయి రాదు. ఊరు రెండుగా చీలిందన్నారు, నిజానికి మూడో వర్గం ఒకటుంది, అది కింది ఆయకట్టు రైతులది. వాళ్లు పక్క ఊరివాళ్లు కూడా కావచ్చు, మీ గ్రామసభకు రాకపోవచ్చు. వాళ్లను పిలిపించండి. సాగునీటి సంఘం అధ్యక్షుణ్ణి కూడా రమ్మనండి. 1997 నాటి చట్టంతో ఏర్పడిన సంఘాలివి, చెరువు నీళ్ల పంపకం వాళ్ల బాధ్యత. కాలువ మీద ఎవరైనా రోడ్డు వేస్తామంటే వాళ్ల నోటితో ఒక మాట రావాలి.

బోర్ల సంగతి కూడా అంతే. చెరువు నీళ్లు కయ్యల్లో నిలిచి నేలలోకి దిగుతాయి కాబట్టే మీ ఊళ్లో తాగునీటి బోరు ఎండాకాలంలోనూ పోస్తోంది. కయ్య పోయి సిమెంటు వస్తే దిగే నీళ్లు తగ్గుతాయి, పైగా ఇంటింటికీ ఒక బోరు పడుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం బోరుకు అనుమతి తీసుకోవాలి. ఎంతమంది తీసుకుంటున్నారో మీరే చూస్తున్నారు. వెంచర్‌కు నీళ్లు ఎక్కణ్ణుంచి, మురుగు ఎక్కడికి అని రెండు ప్రశ్నలు వేయండి. పంచాయతీ ఊళ్లో మామూలుగా భూగర్భ డ్రైనేజీ ఉండదు. ఎవరూ జవాబు చెప్పకపోతే ఆ మురుగు చివరికి మీ కాలువలోకే వస్తుంది.

మీరు చేయగలిగిన పని, ఇంకెవరూ చేయలేనిది ఇప్పుడు చెబుతాను. గ్రామసభకు ముందు సంఘం మీటింగ్ పెట్టి ఈ ఒక్క విషయం మాట్లాడండి. మీ సంఘంలో ఎంతమంది ఆ మడిలో నాట్లకు, కలుపుకు పోతారు? ఎంతమంది ఆ గెనిమల మీద గడ్డి కోసుకొచ్చి ఆవులకు వేసి, పాలు పోసి, ఆ డబ్బుతో సంఘం కంతు కడుతున్నారు? వీళ్లెవరి పేరూ పట్టాలో లేదు, అడంగల్‌లో లేదు, కంపెనీ దగ్గర ఉన్న జాబితాలో లేదు. భూమి అమ్మితే వాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వరు. ఊళ్లో అభిప్రాయం అంటే పట్టాదారుల అభిప్రాయంగానే లెక్కేస్తారు, అదే నన్ను బాధపెట్టే సంగతి. ఒక్కొక్కరినీ అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు సంఘం పుస్తకంలో రాయించి, సంతకాలో వేలిముద్రలో పెట్టించండి. వెంచర్ వస్తే కట్టడం పనులు దొరుకుతాయని ఒకామె అంటే అదీ రాయండి, మీకు నచ్చకపోయినా రాయండి. ఆ పుస్తకం చేతిలో పట్టుకొని సభలో నిలబడితే మీరు మీ ఒక్కరి మాట చెబుతున్నట్టు ఉండదు.

మీ గుత్త రైతు తలొంచుకొని పోతున్నాడన్నారు. ఆయన మాట్లాడడు, మీ పొలం చేసుకునే మనిషి మీ ముందు ఎట్లా మాట్లాడతాడు? మీరే వాళ్లింటికి వెళ్లండి, ఆయన భార్యతో మాట్లాడండి. మీరు అమ్మినా అమ్మకపోయినా ఈ పంట కోసుకునే వరకు ఆయన్ను కదిలించబోమని చెప్పండి. 2019 చట్టం కింద కౌలుదారుకు పదకొండు నెలలకు సాగు హక్కు కార్డు ఇస్తారు, దానికి భూమి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది ఆ సంతకం పెట్టరు, కానీ ఆ కార్డు మీ పట్టాను ఏమీ చేయదు. ఆయనకు పంట రుణం, నష్టపరిహారం రావడానికి పనికొస్తుంది. ఇంతవరకు పెట్టకపోతే ఇప్పుడు పెట్టించండి. సభలో ఊరి న్యాయం అడిగే మనిషికి తన గుత్త రైతు దగ్గర బాకీ ఉండకూడదు.

సభకు కాగితాలు కావాలి. సచివాలయంలో సర్వేయర్ దగ్గర ఊరి పటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్ఎంబీలు (పొలం కొలతల పటాలు) అడగండి. వాటిలో కాలువ పోరంబోకు, వంక పోరంబోకు, బండి బాట, శ్మశానం దారి ఎక్కడున్నాయో రంగు పెన్సిల్‌తో గీయించండి. తర్వాత నీరుగంటిని, ఇద్దరు ముసలివాళ్లను వెంటబెట్టుకొని ఆ గీతల మీద నడవండి. పటంలో ఉండి నేల మీద మాయమైనవి ఎన్నో అక్కడే బయటపడతాయి. పోరంబోకు ఎవరి పట్టాలోనూ చేరదు, ఎవరూ అమ్మలేరు. ఊరుమ్మడి చెరువులు, కుంటలు ఆక్రమించిన వాళ్లను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ సర్వే నంబర్లలో ఏవైనా 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉన్నాయేమో కూడా చూడండి. తిరుపతి చుట్టుపక్కల గుడి మాన్యాలు, మఠం భూములు చాలా ఉన్నాయి, కొన్నాక తెలుసుకొని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరైనా కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

సభ తీర్మానం వెంచర్‌ను ఆపకపోయినా వృథా పోదు. వ్యవసాయ భూమిని ఇళ్లకు మార్చడానికి, లేఅవుట్ వేయడానికి తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) సాంకేతిక అనుమతి కావాలి, పంచాయతీ అనుమతి కావాలి, పది శాతం స్థలం పార్కులకు ఖాళీగా వదలాలి. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా ఒక్క ప్లాటు అమ్మడానికి, ప్రకటన వేయడానికి వీల్లేదు. తుడా మాస్టర్ ప్లాన్‌లో ఆ నేల వ్యవసాయ జోన్‌లో ఉంటే, దాన్ని నివాస జోన్‌గా మార్చే ముందు ఆక్షేపణలు పిలుస్తూ ప్రకటన ఇస్తారు. గడువు చిన్నది, ప్రకటన మీ కంట పడకుండానే గడిచిపోతుంది. తుడా ఆఫీసుకు వెళ్లి ఆ నంబర్లు ఏ జోన్‌లో ఉన్నాయో, అర్జీ ఏదైనా వచ్చిందో ఈ వారమే కనుక్కోండి. ఆక్షేపణ రాసేటప్పుడు వందమంది ఒకే కాగితం మీద సంతకాలు పెట్టే కన్నా, ఎవరి నష్టం వాళ్లు సొంతంగా రాసి ఇస్తే ఎక్కువ పనిచేస్తుంది. ఫలానా నంబరులో నాకు కాలువ నీళ్లు వస్తాయి, అది పోతుంది అని రాసిన ఒక్క వాక్యం, వ్యవసాయాన్ని కాపాడాలని రాసిన రెండు పేజీల కన్నా మేలు. వాటి నకళ్లు, గ్రామసభ తీర్మానం నకలు జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. తీర్మానం పుస్తకంలో రాసేదాకా సభలోంచి కదలకండి. నోటితో అన్నది మర్నాటికి ఉండదు.

ఇక మీ ఎకరా నలభై.

ఇప్పుడప్పుడే సంతకం పెట్టొద్దంటాను. మధ్యలో ఉంది కాబట్టి తొందరపెడతారు, చుట్టూ అమ్మేస్తే దారి ఉండదని భయపెడతారు. మీ పొలానికి ఉన్న బండి బాట, కాలువ ఇరవై ఏళ్లకు పైగా అడ్డంకి లేకుండా వాడుకుంటున్నవైతే 1882 నాటి ఈజ్‌మెంట్ (దారి, నీటి వాడుక హక్కుల) చట్టం ప్రకారం అవి మీ హక్కు, కొన్నవాడు మూయలేడు. ఆ దారి ఫొటోలు, కాలువ ఫొటోలు తేదీతో సహా ఇప్పుడే తీసి పెట్టుకోండి.

చివరికి అమ్మాలనే అనుకుంటే, ఎకరా లెక్కలో అమ్మి అంకణం లెక్కలో మోసపోకండి. మన వైపు అంకణం 36 చదరపు అడుగులు, ఎకరాకు 1,210 అంకణాలు. మీ భూమి 1,694 అంకణాలు. రోడ్లకు, పార్కుకు దాదాపు సగం పోయిందనుకున్నా 850 అంకణాల దాకా అమ్మకానికి మిగులుతాయి. పక్క వెంచర్‌లో అంకణం ఎంతకు పోతోందో కనుక్కొని గుణించి చూసుకోండి, రోడ్లు కాలువలు వేసే ఖర్చు తీసేయండి, అప్పుడు వాళ్లు చెప్పే ఎకరా ధర ఎక్కువో తక్కువో తెలుస్తుంది. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు, అందుకే అగ్రిమెంటులో చదరపు అడుగుల్లోనే రాయించుకోండి. మొత్తం డబ్బు చేతికి రాకుండా జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారపత్రం) ఇవ్వకండి, ఒరిజినల్ పాసుపుస్తకం ఇవ్వకండి. అడ్వాన్సు తీసుకుంటే మిగతాది ఎన్ని నెలల్లో ఇవ్వాలో, ఇవ్వకపోతే అగ్రిమెంటు రద్దవుతుందని రాసి ఉండాలి. డబ్బు బదులు ప్లాట్లలో వాటా ఇస్తామంటే, వెంచర్‌లో లోపం ఉన్నప్పుడు కొన్నవాళ్ల ముందు రెరా చట్టం మిమ్మల్ని కూడా బాధ్యుల్ని చేయవచ్చు. తిరుపతి కార్పొరేషన్ హద్దు నుంచి గాలిలో గీసిన గీతకు 6 కిలోమీటర్ల లోపు ఉంటే లాభం మీద ఆదాయపు పన్ను పడుతుంది, అది దాటితే సాగుభూమికి పడదు. వేరే సాగుభూమి రెండేళ్లలోపు కొంటే మినహాయింపు ఉంది, కానీ పొలం మీరే చేశారా గుత్తకిచ్చారా అన్నదీ చూస్తారు. ధర మాట్లాడక ముందే ఆడిటర్‌ను అడగండి. అది మీ మామగారి ఆస్తి అయితే ఆడబిడ్డలకూ వాటా ఉండవచ్చు. మన రాష్ట్రంలో 1986 సవరణ నుంచే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఉంది. వాళ్లకు చెప్పకుండా అమ్మితే రేపు కోర్టులో కలుసుకోవలసి వస్తుంది.

కొడుకు ఫీజు కోసమే అయితే పొలం దాకా పోనక్కర్లేదు. తాకట్టు లేకుండా 7.5 లక్షల వరకు చదువు రుణం ఇచ్చే పథకం బ్యాంకుల్లో ఉంది, చదువు అయ్యాక కట్టుకోవచ్చు. మేనేజర్ తాకట్టు అడిగితే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రెండు, మూడేళ్ల ఫీజుకు, ఎప్పటికీ తిరిగిరాని నేలను జతకట్టొద్దు.

మీ ఆయన సంగతి. ఆయన అమ్ముదామంటున్నది మీ మీద కోపంతో కాదు, అలసిపోయి. పై లెక్కలన్నీ సభకు ముందే ఇద్దరూ కూర్చొని వేసుకోండి, కొడుకును ఫోన్లో కలపండి. అప్పటికీ ఆయన మాట ఆయనదే అయితే, సభలో ఆయన లేచి అమ్ముకుంటామని చెప్పనీయండి. మీరు లేచి సంఘం పుస్తకంలో ఉన్నది చదవండి. ఆయన మీ ఇంటి భూమి గురించి మాట్లాడతాడు, మీరు మిమ్మల్ని పంపిన ఆడవాళ్ల మాట చెబుతారు. కాలువ ఎక్కడ పోవాలి, మొరవ నీళ్లకు ఎంత వదలాలి, కింది ఆయకట్టుకు ఎవరు హామీ, నీళ్లు మురుగు సంగతేంటి అన్న నాలుగింటికీ మీ ఆయన కూడా అడ్డు చెప్పకపోవచ్చు, అమ్మేవాళ్లలో చాలామంది చెప్పరు. ముందు వాటిని తీర్మానంలో రాయించండి. అమ్మడం, అమ్మకపోవడం మీద ఆ రోజు ఓటింగు పెట్టనీయకండి. సభ అయిన తర్వాత పంచాయతీ కార్యదర్శి దగ్గర తీర్మానం నకలు తీసుకొని నాకు రాయండి. తుడాలో అర్జీ ఏ దశలో ఉందో తెలిస్తే ఆక్షేపణ ఎట్లా రాయాలో మళ్లీ చెబుతాను.